వాటా లేని మనిషి

బంతి ఎవరిదో తేలితే తక్కినవన్నీ వాటంతటవే తేలిపోతాయని లక్ష్మణమ్మకి అనిపించింది. ఆమదాలవలసలో పాసింజరు కదిలింది, కిటికీ ఊచల నీడలు ఒళ్లో చారలు చారలుగా పడి ఊగుతున్నాయి. ముప్పై ఏళ్లుగా ఇదే బండిలో చేపల గంప ముందు పెట్టుకుని తలుపు దగ్గర కింద కూర్చుని వెళ్లిన మనిషి ఆమె. ఇవాళ గంప లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఒళ్లో ఒక గుడ్డసంచి, అందులో అట్ట ఫైలు, ఫైల్లో ఎనిమిది కాగితాలు. ఏడో తరగతి చదువుతో అక్షరం అక్షరం కూడబలుక్కుని రెండుసార్లు చదివింది. పన్నెండు గంటలకి విజయనగరంలో ముగ్గురు మనుషులు ఒక బల్ల వెనక కూర్చుంటారు, ఆ ముగ్గురిలో తాను ఒకతె. వాళ్లు తేల్చాల్సింది ఒకటే: సరుగుడుపేట సాగర్ అనే ఫుట్‌బాల్ క్లబ్బుని ధనరాజు కొనుక్కోవచ్చునా, కూడదా. కొనడమంటే ఏమిటి? పడవ కొంటే చెక్క ఉంటుంది, ఇంజను ఉంటుంది, వల ఉంటుంది, ముట్టుకుని చూసుకోవచ్చు. క్లబ్బులో ముట్టుకోవడానికి ఏముంది? ఐసు ఫ్యాక్టరీ వెనకున్న ఆట స్థలం ఊరిది. గోలు గుంజలు మొదట్లో సరుగుడు కర్రలే, ఊళ్లోవాళ్లే కొట్టి పాతారు, లీగులో చేరాక ఇనపవి వచ్చాయి. కుర్రాళ్ల కాళ్లు కుర్రాళ్లవి. ఇక మిగిలింది బంతి. అది నెలకోటి చిరిగిపోతుంది.

నాగావళి వంతెన మీద బండి చప్పుడు మారింది. పెట్టెలో సగం మంది చేతులు జోడించారు. ఆమె కూడా జోడించి, అలవాటుగా తల్లీ గంగమ్మా అనుకుంది. తర్వాత ఆగి, ఈవిడ నాగావళి కదా, గంగమ్మ అంటే ఊరుకుంటుందా అని తనలో తనే నవ్వుకుంది. నీళ్లన్నీ ఒకటేనని శ్రీకూర్మంలో వేంకటాచలం మాస్టారు అంటారు. ఆయన వంశం తాతల కాలం నుంచి కూర్మనాథస్వామి గుడిలో కీర్తనలు పాడే వంశం. ఆయన మాత్రం లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఈ ముగ్గురిలో పెద్ద ఆయనే, ఆమెని ఇందులోకి లాగిందీ ఆయనే. రెండేళ్ల క్రితం మాఘమాసంలో సముద్రస్నానానికి వచ్చి, ఒడ్డున వల పంపకం జరుగుతుంటే నిలబడి చూశారట. ఆమె గమనించలేదు. ఎలా గమనిస్తుంది, పంపకం వేళ ఆమె ముఖం సముద్రం వైపే కదా ఉంటుంది.

సరుగుడుపేటలో పంపకం అలాగే జరుగుతుంది. వల ఒడ్డుకి లాగాక చేపల్ని ఇసక మీద ఎన్ని వాటాలుంటే అన్ని కుప్పలు పోస్తారు. ఎంత సమంగా పోసినా ఒక కుప్పలో ఖరీదైన వంజరం ఎక్కువ పడుతుంది, ఒక దాంట్లో చిన్న చేపలు, కవ్వళ్లు ఎక్కువ పడతాయి. అందుకని ఆ వలలో వాటా లేని మనిషిని ఒకరిని కుప్పల వైపు వీపు పెట్టి కూర్చోబెడతారు. పంపకం చేయించే పోతురాజు తెడ్డుతో ఒక కుప్పని తాకి ఇదెవరిది అంటాడు. వెనక్కి చూడకుండా ఒక పేరు చెప్పాలి. ఆ పేరు గలవాడు ఆ కుప్ప ఎత్తుకుపోవాలి. మారుమాట లేదు. ఆమె మొగుడు నూకయ్య పడవతో పాటు సముద్రంలో కలిసిపోయాక, కొడుకుల్లేరు గనక, ఏ వలలోనూ ఆమెకి వాటా లేకుండా పోయింది. అప్పటి నుంచి పేర్లు చెప్పే పని ఆమెది. మొదట్లో అది దయతో ఇచ్చిన పీట అనుకుని ఏడ్చింది. రెండో ఏడో మూడో ఏడో గాని, అలల వైపు చూస్తూ పేర్లు చెబుతుంటే వీపు వెనక ఇరవై మంది మగవాళ్లు నోరెత్తకుండా నిలబడి ఉంటారన్న సంగతి ఒకరోజు తట్టింది. భయం వేసింది. తరవాత బాగుంది కూడా. ఆ పనికి ఒకటే కట్టు. ఆ రోజు ఆ పడవ చేప తినకూడదు, కొనకూడదు, వాళ్ల ఇంట కూడు ముట్టకూడదు. ముడితే పేర్లు చెల్లవు, కుప్పలన్నీ మళ్లీ కలిపెయ్యాలి.

దూసిలో బండి ఆగింది. కూర్మమ్మ గంపతో ఎక్కి, గంప కింద పెట్టి, లక్ష్మణమ్మ బెంచీ మీద కూర్చుని ఉండడం చూసి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వీళ్లిద్దరూ ఇరవై ఏళ్లుగా చీపురుపల్లి బజారులో పక్కపక్కన కూర్చుని చేపలు అమ్మినవాళ్లు.

"ఏటే లచ్చనమ్మా, బెంచీ ఎక్కీసినావు? కలట్రేటు ఉజ్జోగం వచ్చీసినాదేటి?"

"వచ్చినాది. నీ గంప కంపు కొడతన్నాది, అటు జరుపు."

కూర్మమ్మ నవ్వుతూ గంప జరపలేదు. సంగతి అడిగి తెలుసుకుంది. ఆటలో కాలు పెట్టనిదానివి, బంతి ముట్టనిదానివి, నువ్వేం తీర్పు చెబుతావని అడిగింది. నిజమే. లక్ష్మణమ్మ ఆట చూడడం మొదలుపెట్టిందే మూడేళ్ల కింద, కోస్తా లీగని ఎనిమిది ఊళ్ల క్లబ్బులు చేరి, ఆడేవాళ్లకి నెల జీతాలని పెట్టాక. సరుగుడుపేటలో ఎనిమిది మంది పడవల వాళ్లు కలిసి క్లబ్బు నడిపారు. మొదటి ఆదివారం ఆటలో అందరూ బంతి వెంట చూస్తుంటే ఆమె మాత్రం ఈల ఊదే నల్లచొక్కా మనిషినే చూసింది. ఎంత పరిగెత్తాడో. బంతి వస్తే తప్పుకుంటున్నాడు గాని ఒక్కసారి తన్నలేదు. తన్నాలని ఉండదా ఆయనకి అనుకుంది. ఆట అయ్యాక గోల్‌కీపరు ఈశ్వర్‌ని పట్టుకుని, ఆ నల్లచొక్కా బాబుకి కూడు ఎవరు పెడతారని అడిగింది. ఏ జట్టూ పెట్టకూడదు, లీగువాళ్లు పెడతారని ఈశ్వర్ చెప్పాడు. లీగువాళ్లకి ఎవరు పెడతారంది. క్లబ్బుల ఓనర్లన్నాడు. మరి ఓనర్లని చూసేదెవరంటే వాడు చేతి జోళ్లు విప్పుతూ, అది నాకు తెలీదు పెద్దమ్మా, ఇంత వరకు ఎవరూ అడగలేదు అన్నాడు.

ఆ ప్రశ్న ఆమెలో ముల్లులా ఉండిపోయింది. ఆ మరుసటి ఏడే శృంగవరపుకోట క్లబ్బు సంగతి జరిగింది. దాన్ని కొన్నవాడు ఎక్కడివాడో, ఒక్క ఏడాది ఆడించాడు. ఒక ఆదివారం జనం పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని వెళ్లేసరికి గేటుకి తాళం ఉంది. క్లబ్బు వేరే రాష్ట్రంలో వేరే పేరుతో ఉందని తర్వాత పేపర్లో చూసుకున్నారు. లీగువాళ్లు మీటింగు పెడితే మిగతా ఓనర్లంతా, అతని క్లబ్బు అతని ఇష్టమన్నారట. వల లాగినవాళ్లే కూర్చుని పేర్లు పిలుచుకున్నట్టు. ఊళ్లలో జనం ఊరుకోలేదు, రెండు వారాలు ఏ ఆటకీ పోలేదు. దాంతో ఈ కమిటీ పుట్టింది. క్లబ్బు చేతులు మారేటప్పుడు కొనేవాడి ఆస్తి ఎలా వచ్చింది, కోర్టుల్లో ఏమున్నాయి, ఇదివరకు చేపట్టినవి ఏం చేశాడు, ఇవన్నీ చూసేందుకు ఏ క్లబ్బుతోనూ, లీగుతోనూ ఏ సంబంధం లేని ముగ్గురు. మాస్టారు, విజయనగరం వకీలు కౌముది గారు, తాను. వాటా లేని మనిషి కావాలంటే మా వైపు ఒకావిడ ఉందని మాస్టారు చెప్పారట.

పొందూరు దాటాక గాలి మారింది, కోసిన చేల వాసన వచ్చింది. కూర్మనాథుడు గుర్తొచ్చాడు. పాలసముద్రం చిలికినప్పుడు కొండ కిందికి దిగి వీపు మీద మోసినవాడు. అటు లాగేవాళ్లు రాక్షసులు, ఇటు లాగేవాళ్లు దేవతలు, అడుగున ఆయన. ఎవరి వైపూ కాదు, కొండ నిలబడడమే ఆయన పని. అంతవరకు బాగుంది. తీరా అమృతం పుట్టాక పంచడానికి వచ్చింది కూడా ఆయనే, మోహిని వేషం కట్టుకుని. దేవతలకే పోశాడు. స్వామీ, మోసినప్పుడు ఎవరి వైపూ కాని నువ్వు పంచినప్పుడు ఒక వైపు ఎందుకయ్యావు? తప్పుగా అడుగుతున్నానేమోనని లెంపలు వేసుకుంది. రాక్షసులకి ఇస్తే లోకం ఏమయ్యేదో ఆయనకి తెలుసు గనక అలా చేశాడని పురాణం చెప్పే ఆయన అంటారు. కావచ్చు. దేవుడికి ముందేం జరుగుతుందో తెలుసు. తెలియని మనుషులకే ఈ వీపు తిప్పుకోవడాలూ, కట్లూ, కాగితాలూ.

ధనరాజు ఏం చేస్తాడో ఆమెకి తెలియదు. పక్క ఊరివాడు, రక్తసంబంధం లేదు, ఊరి వరసకి అక్కని పిలిచినట్టు అప్పా అని పిలుస్తాడు. వాళ్ల నాన్న తెప్ప వేసేవాడు, ఇతను రొయ్యల మేత వ్యాపారంలో పైకొచ్చాడు. చెడ్డవాడు కాదు. పోయిన వానాకాలం పడవ తిరగబడితే అర్ధగంటలో తన లారీ తెచ్చి నలుగుర్నీ ఆసుపత్రికి చేర్చాడు. ఎనిమిది మంది పడవల వాళ్లూ చేతులెత్తేశారన్నది నిజం. డాక్టరుండాలి, బస్సుండాలి, అది ఉండాలి ఇది ఉండాలని లీగు పెట్టే కట్లు వాళ్ల వల్ల కావడం లేదు. ధనరాజు అన్నీ పెడతానంటున్నాడు. అయితే ఆటలు విశాఖపట్నంలో పెడతాడట, అక్కడ దీపాలున్న మైదానాలున్నాయట. పేరు కూడా ఇంకా గొప్పగా ఉండాలట. మన పేరు పెద్దదవుతుంది అప్పా అంటాడు. పేరు మార్చేశాక అది మన పేరు ఎలా అవుతుందో ఆమెకి అర్థం కాలేదు. ఇవాళ అడగాలనుకున్న ప్రశ్న అదే. నువ్వు మంచివాడివా కాదా అని కాదు. ఏం కొంటున్నావు అని.

సిగడాం స్టేషన్లో పల్లీలు కొనుక్కుని, పొట్టు కిటికీలోంచి ఊదుతూ కూర్మమ్మ అంది.

"మొన్న ఆయితారం గంగమ్మ పండగలో ధనరాజు నీకు సొంత సేత్తోటి ఒడ్డించినాడు కదా. పండుగప్ప తలకాయ నీ ఆకులోనే ఏసినాడు. మాకేమో తోక ముక్కలు."

లక్ష్మణమ్మ చేతిలో పల్లీ అలాగే ఉండిపోయింది. బండి ఊగుతోంది, ఎదురుగా ఎవరో పసిపిల్లకి పాలు పడుతున్నారు, ఆమెకి మాత్రం అంతా దూరంగా జరిగిపోయినట్టయింది. తిన్నది. ఆ తలకాయని చివర దాకా, వేళ్లు నాకి మరీ తిన్నది. లీగు ఆఫీసు గుమస్తా హేమ ఇంటికి వచ్చి కాగితం నింపినప్పుడు, కొనేవాడి దగ్గర ఏమైనా పుచ్చుకున్నారా అని అడిగితే లేదని చెప్పింది, అప్పటికి అది నిజమే. తరవాత వారానికి పండగ వచ్చింది. ఈ ఏడు పందిరీ, వంటా తనవేనని ధనరాజు మొక్కుకున్నాడు. తల్లి పేరు మీద ఉడికిన అన్నం. అమ్మవారి ప్రసాదం ఎవరో ఒకరి కూడు అవుతుందని ఆమెకి తోచనే లేదు, గంగమ్మ తల్లి ముందు విస్తరేస్తే అది గంగమ్మదే. ఇరవై ఏళ్లలో ఒక్కసారి తప్ప పొరపాటు చెయ్యని మనిషి భక్తి వల్ల పొరపాటు చేసింది. మరి ఆ అన్నం ఎవరిది? తల్లిదా, ధనరాజుదా? చేప సముద్రంలోది, సముద్రం తల్లిది, వండించింది అతను, వేసింది అతను, తిన్నది తాను. తల్లిదే అయితే అతనెందుకు తనకే తలకాయ వేశాడు? ఆ వడ్డించిన చెయ్యికి తెలిసే ఉంటుంది, ఇవాళ ఆమె ఎక్కడ కూర్చోబోతోందో. తెలిసే వేశాడో, పెద్దదానినని వేశాడో. అది ఎవరూ తేల్చలేరు. తేల్చలేరు గనకనే ఆ కట్టు పుట్టింది. మనిషి మనసు లోపలికి ఎవరూ చూడలేరు, ఆకులో ఏముందో మాత్రం అందరూ చూడగలరు. కూర్మమ్మ చూసింది. ఊరంతా చూసింది.

సంచిలోంచి ఫోను తీసి హేమకి చేసింది. హేమ రాజాం పిల్ల, ఏదడిగినా విసుక్కోకుండా చెబుతుంది. భోజనం చేస్తే ఏమీ కాదన్నది ఆ పిల్ల. కాగితంలో వస్తువులూ, డబ్బూ, ఉద్యోగాలూ అని ఉంది గాని పండగ భోజనాలు లేవు, ఊరంతా తిన్నది మీరూ తిన్నారు, నిశ్చింతగా రండి అంది. లక్ష్మణమ్మ, నేను కూర్చోకపోతే నా బదులెవరని అడిగింది. జోగయ్య గారని హేమ చెప్పింది. రిటైరైన రెవెన్యూ ఇనస్పెక్టరు. పాపం మంచాయన, ఎవరేం చెప్పినా తలూపుతారు. ధనరాజుకి కౌముది గారు ఒప్పుకోరు, మాస్టారు ఎటూ చెప్పలేదు, కనక మూడో మాట మీదే తేలొచ్చు పెద్దమ్మా అని గొంతు తగ్గించి అంది.

చీపురుపల్లిలో కూర్మమ్మ దిగిపోతూ, గెలిచి రా అన్నట్టు భుజం తట్టింది. పెట్టె సగం ఖాళీ అయింది. లక్ష్మణమ్మకి ఒకసారి జరిగింది జ్ఞాపకం వచ్చింది. పోతురాజు వాళ్ల పడవ పంపకం. పొద్దున వాళ్ల కోడలు ఇచ్చిన కాల్చిన కవ్వలు ఒకటి నోట్లో వేసుకుని మరిచిపోయి, పేర్లన్నీ చెప్పేశాక గుర్తొచ్చింది. ఎవరికీ తెలియదు. చెప్పకపోతే ఎవరికీ తెలిసేదీ కాదు. చెప్పింది. కుప్పలన్నీ మళ్లీ కలిపారు, అప్పటికే ఎండ ఎక్కింది, చేప మెత్తబడింది, ఒక చిన్న కవ్వలు కోసం ఇంత నాశనమా అని అందరూ తిట్టారు. పోతురాజు అయితే తెడ్డు ఇసకలో గుచ్చేసి పోయాడు. మర్నాడు మళ్లీ ఆమె గుమ్మం ముందుకే వచ్చి, రా అప్పా, ఏళవుతన్నాది అన్నాడు. అది వేరు కదా, అని ఆమె తనకి తానే చెప్పుకుంది. అక్కడ కుప్పలు కలిపి మళ్లీ పొయ్యొచ్చు, మళ్లీ పిలవొచ్చు. ఇక్కడ ఒకసారి ఔనంటే క్లబ్బు వెళ్లిపోతుంది, కాదంటే ఈ ఏడు ఈశ్వర్ లాంటివాళ్ల ఆటే ఉండకపోవచ్చు. తాను కూర్చుంటే కనీసం ఆ ప్రశ్న అడుగుతుంది. పేరూ, చొక్కా రంగూ, ఆట స్థలమూ ఊరిని అడగకుండా కదపకూడదని రాయించుకున్నాకే ఔనంటుంది. జోగయ్య ఏమీ అడగడు. ఒక్క తలకాయ ముక్క కోసం అదంతా వదిలెయ్యడం మడి కట్టుకోవడమా, పొగరా? చట్టం తప్పు కాదంటుంటే తప్పనడానికి తానెవరు?

గరివిడి గుట్టలు దాటాయి. ఇంకో సంగతి ఉంది, తలకాయ ముక్క కంటే పెద్దది. ఆ అన్నం తినకపోయినా తనకి వాటా లేదన్నది నిజమేనా? మూడేళ్లుగా ఒక్క ఆదివారం మానలేదు. రాజాం వాళ్లతో ఆటలో ఈశ్వర్ మోకాలి చర్మం ఊడిపోయేలా పడి బంతి ఆపినప్పుడు నూకయ్య పోయినరోజు తర్వాత ఎన్నడూ రానంత గట్టి అరుపు తన నోట్లోంచి వచ్చింది. అప్పటిది ఏడుపు, ఇది వేరు. ఆ రాత్రి అన్నం రుచిగా ఉంది. పక్కింటివాళ్లతో ఆటంతా మళ్లీ చెప్పుకుంది. ధనరాజు ఏం కొంటున్నాడో అప్పుడు తెలిసింది ఆమెకి, చంపావతి వంతెన మీద బండి నడుస్తుండగా. గుంజలు కాదు, బంతి కాదు. ఆ అరుపు. అది లేకపోతే మైదానంలో ఇరవై ఇద్దరు పరిగెత్తడం తప్ప ఏమీ లేదు. తన గొంతులోది ఒకడు కొంటుంటే తనకి వాటా లేదని బల్ల వెనక ప్రమాణం ఎలా చేస్తుంది? ఇన్నాళ్లూ అందరూ వాటా లేని మనిషి అంటే ఔననుకుంది. ఆ మాటలో గౌరవం ఉందనుకుంది, ఉంది కూడా. దాని వెనక ఒక ఖాళీ ఉందని ఎవరూ అనలేదు, తనూ అనుకోలేదు.

విజయనగరం స్టేషన్లో హేమ ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. టైమైపోతోంది, స్కూటరు బయట పెట్టానంది. లక్ష్మణమ్మ కదలకుండా సంచిలోంచి ఫైలు తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"నాను ఆ బల్ల ఎనకాల కూకోనమ్మా. జోగయ్యగారికి సెప్పు."

హేమ ఫైలు తిరిగి ఇవ్వబోయింది. భోజనం సంగతి తప్పు కాదని చెప్పాను కదా అంది, ఇలా వదిలేస్తే అవతల ఏమవుతుందో తెలుసు కదా అంది. తెలుసునని లక్ష్మణమ్మ చెప్పింది. తెలిసే చేస్తున్నానంది. పక్కన కూలీ ఒకడు బస్తాలు దొర్లిస్తున్నాడు. తర్వాత ఆమె అడిగింది. బల్లకి ఇవతల ఎవరైనా మాట్లాడొచ్చా? ఊళ్లవాళ్లకి పావుగంట ఉంటుందని హేమ గుర్తుచేసుకుంటున్నట్టు నెమ్మదిగా చెప్పింది. నిజానికి ఆ పావుగంట కోసమే పెద్ద గొడవ జరిగి రూలు పెట్టారట, కాని కమిటీ పెట్టిన దగ్గర నుంచి ఎవరూ పేరు ఇవ్వలేదు, ఆ కాగితం తెల్లగానే ఉంది.

"అందులో నా పేరు రాయి."

హేమ సిమెంటు బెంచీ మీద కూర్చుని కాగితం తీసింది. పేరు రాసింది, ఊరు రాసింది. కలం ఆపి, క్లబ్బుతో సంబంధం అని ఒక గడి ఉంది పెద్దమ్మా, ఇక్కడ ఓనరు, ఆటగాడు, ఉద్యోగి అని మూడే ఉన్నాయి, దేనికి టిక్కు పెట్టమంటారు అని అడిగింది.

"ఏదీ కాదు. వాటాదారు అని రాయి."

"ఆ గడి లేదు కదా."

"కిందన జాగా ఉన్నాది. గీయి."

హేమ ఆమె వైపు ఒకసారి చూసి, ఫైలు అట్టని ఆనించి పట్టుకుని, మూడు గడుల కింద నాలుగో గడి గీసింది.